రక్షకభటుల శిక్షణము - గ్రామపెద్దల సంతకము



పైరునకు కంచె, చెరువునకు గట్టు, ఊరికి కావలి - ఈ మూడును మన పూర్వులు తొలుదొల్త యేర్పరచుకొనిన రక్షణలు. కంచెయే చేను మేసినచో చెప్పుకొన దిక్కు లేదని మన సామెత. కావున కావలివాని నెన్నుకొనుట యెంత ముఖ్యమో, వానికి కావలిపని నేర్పుట యంతకంటె ముఖ్యము. మనదేశమున పోలీసు ఉద్యోగుల కెట్టి శిక్షణము లభించుచున్నదో, ఆ శిక్షణము కాలక్రమమున నేల మారవలసి వచ్చెనో, దానితో గ్రామపెద్దలకు గల సంబంధ మెట్టిదో నేటి ప్రసంగమున విన్నవించెదను.

"పోలీసులకు పాఠములు చెప్పుటతో మాకేమి పని?" యని కొంద రనుకొనవచ్చును. పని కలదు. ఇంటిసోదా జరుగునపుడు ఆ ప్రాంతమున నివసించు స్వతంత్రులును, గౌరవనీయులును అగు ఇరువురు సాక్షు లుండవలెనని చట్టము. అనుమానాస్పదముగ మరణము సంభవించినపుడు శవపంచాయతీకి ఇరుగుపొరుగున నున్న పెద్దమనుష్యు లిరువురైనను కూర్చుండవలెనని చట్టము. ఒకనిని నిర్బంధించునపుడు వ్రాయు పత్రముపై వాని కుటుంబములోనివారుగాని, ఆ స్థలమందలి గౌరవనీయులుగాని సాక్షిసంతకము చేయవలెనని చట్టము. అనగా, పోలీసు ఉద్యోగి శిక్షణాలయమున నేర్చిన విద్య ఊరిలో పరీక్షకు నిలుచువేళ ప్రక్కన నుండువారు మీరే. పరీక్ష యేమో తెలియనివాడు పరీక్షాధికారి యెట్లు కాగలడు?

మొదట కొంత పూర్వచరిత్ర. సుమారు నూటడెబ్బది సంవత్సరముల క్రిందట కోస్తాజిల్లాలును, రాయలసీమయు మద్రాసురాజధానిలో చేరియుండెను. నాడు శిస్తు వసూలుచేయు సిబ్బందియే నేరములను విచారించు సిబ్బందియు. శిస్తు రాబట్టుటకును, నేరము నొప్పించుటకును జనులను ఎండలో నిలబెట్టుట, మెడ వంచి త్రాటితో కట్టుట, వ్రేళ్లను కొయ్యలనడుమ నొక్కుట మున్నగు హింసలు జరుగుచుండెనని 1855లో నొక విచారణసంఘము బయల్పరచెను. తరువాత 1859లో మద్రాసు పోలీసుచట్టము పుట్టి, పోలీసుబలగము రెవిన్యూ నుండి వేరుపడెను. ఆ మార్గముననే 1861లో దేశమున కంతకును పోలీసుచట్టము వచ్చెను.

అయితే బలగమును వేరుచేసినమాత్రమున విద్య అబ్బదు. 1902లో నియమింపబడిన సర్ ఆండ్రూ ఫ్రేజరు కమిషను పోలీసుల శిక్షణము లోపభూయిష్ఠముగ నున్నదని తేల్చి, అధికారులకును, భటులకును వేరువేరుగ శిక్షణాలయములు నెలకొల్పవలెనని సూచించెను. నాటి శిక్షణములో ప్రధానభాగము కవాతు. వరుసగ నిలుచుట, అడుగు కలిపి నడచుట, తుపాకి యెత్తుట, ఆజ్ఞ వినుట - ఇవియే విద్య. పరాయి ప్రభుత్వమునకు ఆజ్ఞ వినువాడు చాలును. ఆలోచించువాడు అవసరము లేదు. స్వతంత్రదేశమునకు రెండవవాడును కావలెను. శిక్షణమున వచ్చిన మార్పున కిదియే మూలము.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1948 సెప్టెంబరు 15వ తేదీన, రాజస్థానములోని ఆబూపర్వతముపై కేంద్ర పోలీసు శిక్షణ కళాశాల ప్రారంభమయ్యెను. 1974లో దానికి సర్దారు వల్లభభాయి పటేలు పేరు పెట్టిరి. 1975లో అది హైదరాబాదునకు తరలివచ్చెను. నేడు శివరాంపల్లియందున్న ఆ జాతీయ పోలీసు అకాడమీలోనే ఐ.పి.యస్. అధికారులందరును తయారగుచున్నారు. హైదరాబాదు చెంత హిమాయత్‌సాగరు కడనున్న తెలంగాణ రాష్ట్ర పోలీసు అకాడమీ, నిజాము కాలమున నగర కొత్వాలుగ ప్రసిద్ధిగాంచిన రాజా బహదూరు వెంకటరామారెడ్డిగారి పేరిట వెలయుచున్నది. అనంతపురమున పోలీసు శిక్షణ కళాశాల కలదు. నేరపరిశోధనము ప్రత్యేకముగ నేర్పుటకు కేంద్రప్రభుత్వపు సంస్థయొకటి హైదరాబాదుననే కలదు. జాగిలములకు వాసనపట్టు విద్య నేర్పు శిక్షణాలయము మొయినాబాదున కలదు. ఇట్లు తెలుగునేల ఈ విద్యకు దేశమున నొక ముఖ్యస్థానమైనది.

కొత్తగ చేరిన కానిస్టేబులునకు సుమారు తొమ్మిదినెలలును, సబుయినస్పెక్టరునకు సుమారు సంవత్సరమును శిక్షణము జరుగును. వేకువనే పరుగు, వ్యాయామము, కవాతు. పిమ్మట తరగతిలో చట్టము. మధ్యాహ్నానంతరము మరల బయటిపనులు - ఇది స్థూలముగ దినచర్య. ఇంతవరకు ప్రాతపద్ధతియే. కొత్తది యేమన, పాఠము చెప్పి విడువక, పని చేయించి చూచుట. ఈత పుస్తకములో చదివినవాడు చెరువులో మునుగును గదా!

అందులకై శిక్షణాలయములలో నమూనా నేరస్థలమును సిద్ధపరచుదురు. ఒక గది, పగిలిన పెట్టె, నేలపై అడుగుజాడ, గాజుపాత్రపై వ్రేలిముద్ర, మూల నొక రక్తపుమరక. అభ్యాసకుడు లోనికి పోవుటకుముందే త్రాడుకట్టి జనమును దూరముంచవలెను. ఏ వస్తువును ముట్టకముందే ఛాయాచిత్రములు తీయవలెను. వస్తువునకు వస్తువునకు గల దూరమును కొలిచి పటము గీయవలెను. వ్రేలిముద్రపై సన్నని పొడి చల్లి, అంటుకాగితముతో దానిని ఎత్తవలెను. మెత్తనినేలలోని అడుగుజాడకు ప్లాస్టరు పోసి అచ్చు తీయవలెను. రక్తము తడిసిన బట్టను నీడను ఆరబెట్టి కాగితపు సంచిలో నుంచవలెను. ప్లాస్టిక్కు సంచిలో మూటగట్టినచో తేమ నిలిచి రక్తము కుళ్లును. పరీక్షశాలకు చేరునప్పటికి అందు తెలుసుకొనదగిన దేమియు మిగులదు. ఇంతచిన్న తప్పువలన హంతకుడు తప్పించుకొనవచ్చును.

ఈ వ్రేలిముద్రల శాస్త్రమున మనదేశమునకు గర్వకారణ మొకటి కలదు. ప్రపంచములో మొట్టమొదటి వ్రేలిముద్రల కార్యాలయము 1897లో కలకత్తాయందు స్థాపింపబడెను. ముద్రలను వర్గీకరించి, వేలకొలది కాగితములలో కావలసినదానిని త్వరగ వెదకు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మన పోలీసు ఉద్యోగులే ముఖ్యముగ శ్రమించిరి. లోకమున ఆ పద్ధతికి వారి పై అధికారియగు ఎడ్వర్డు హెన్రీ పేరు నిలిచినది. మరి 1980వ దశాబ్దాంతమున రక్తము, వెంట్రుక మున్నగువానినిబట్టి మనిషిని గుర్తించు డి.ఎన్.ఏ. పద్ధతిని హైదరాబాదులోని శాస్త్రసంస్థయందు లాల్జీ సింగుగారు స్వదేశమున నెలకొల్పిరి.

ఈ శాస్త్రపరిజ్ఞానమంతయు ఏల? దెబ్బకు బదులుగ. ఇది మనస్సున పట్టించుకొనవలసిన విషయము. అనుమానితుని కొట్టిన, వాడు నొప్పికి తాళలేక "నేనే చేసితి" ననును. అట్లన్నంతనే విచారణ ఆగిపోవును; అసలుదొంగ ఊరిలోనే తిరుగుచుండును. నిర్దోషి బాధపడుట ఒక నష్టము. దోషి విడిపోవుట రెండవ నష్టము. అందుకే పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారము న్యాయస్థానమున ముద్దాయిపై రుజువుగ చెల్లదని 1872నాటి సాక్ష్యచట్టము చెప్పెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ నియమమునే నిలుపుకొనినది. లాఠీ వేయు ప్రశ్నకు వచ్చు జవాబు చట్టమున చెల్లదు; అడుగుజాడ యిచ్చు జవాబు చెల్లును. శిక్షణము లేనివానికి లాఠీ సులభము. శిక్షణము గలవానికి అడుగుజాడ సులభము.

నోటిమాట నడుగుటయు ఒక విద్యయే. "ఎఱ్ఱచొక్కావాడే గదా కొట్టినది?" యని అడిగినచో సాక్షి తలయూపును, తరువాత తానే చూచితినని నమ్మును. మనుష్యుని జ్ఞాపకము మెత్తని మట్టివంటిది. అడుగువాని వ్రేలిగుర్తు దానిపై పడును. కావున, "నీవు చూచినది మొదటినుండి చెప్పు" మని అడిగి, మధ్య నడ్డుపడక విని, పిదప సందేహములు తీర్చుకొనవలెనని నేటిశిక్షణమున నేర్పుచున్నారు. బాధితులు పిల్లలైనచో జాగ్రత్త మరింత కావలెను. లైంగికాపరాధములనుండి బాలలను రక్షించు 2012నాటి చట్టము ప్రకారము, బిడ్డ వాఙ్మూలమును ఇంటివద్దగాని, బిడ్డ కోరినచోటగాని, సాధ్యమైనంతవరకు మహిళాధికారియే వ్రాసికొనవలెను. ఆ సమయమున పోలీసుదుస్తులు ధరింపరాదు. ఈ సంభాషణములను అభ్యాసకులు తమలో తామే పాత్రలు ధరించి సాధనచేయుదురు. ఒకడు ఫిర్యాది, ఒకడు అధికారి. తక్కినవారు చూచి తప్పు లెన్నుదురు. నమూనా న్యాయస్థానమున బోనెక్కించి, అడ్డుప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేయుదురు. తాను వ్రాసిన కాగితము న్యాయవాది చేతిలో నెట్లు చినుగునో అచట చూచినవాడు, పిమ్మట కాగితమును జాగ్రత్తగ వ్రాయును.

ఆయుధశిక్షణమునను మార్పు వచ్చెను. పూర్వము కదలని గురిపలకను కొట్టుటయే పరీక్ష. నేడు కొన్ని శిక్షణాలయములలో తెరపై కదలు దృశ్యములను చూపుదురు. ఎదుటివాడు తీసినది పిస్తోలా, సెల్‌ఫోనా యని క్షణకాలములో నిర్ణయింపవలెను. కాల్చుట నేర్పుటకంటె, కాల్చకుండుట నేర్పుట కష్టము. జనసమూహమును చెదరగొట్టునపుడు ముందు హెచ్చరిక, పిమ్మట అవసరమైనంత బలమే, పని తీరగానే బలప్రయోగమును ఆపుట - ఈ క్రమమును మరల మరల అభ్యసింపజేయుదురు. గాయపడినవానికి ప్రథమచికిత్సయు అందులో భాగమే.

కొత్తనేరములకు కొత్తవిద్య. నేడు దొంగ కన్నము వేయడు, ఫోను చేయును. "మీపై కేసున్నది, మిమ్ము ఫోనుమీదనే నిర్బంధించితిమి, డబ్బు పంపు" డని వృద్ధులను బెదరించి వారి జీవితకాలపు కూడికను దోచుకొనుచున్నారు. ఫోనులో నిర్బంధించు పద్ధతి మన చట్టమున నెచ్చటను లేదు. ఇట్టి మోసము జరిగినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. దొంగ సొమ్మును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు గంటలలో మార్చును గనుక, ఎంత త్వరగ తెలిపిన అంత సొమ్ము ఆపుట కవకాశము కలదు. ఈ డబ్బు నడచిన దారిని వెదకుట నేటి పోలీసు తరగతులలో ముఖ్యపాఠము.

ఇక లోపములను దాచుట ధర్మము గాదు. పోలీసుబలగములో అత్యధికసంఖ్య కానిస్టేబులులే. పల్లెవాసికి ముందుగ ఎదురగు ప్రభుత్వమును వారే. అధికారులకు ఉద్యోగమధ్యమున మరల మరల శిక్షణము లభించును. కానిస్టేబులులో చాలమంది తొలినాటి శిక్షణముతోనే యేండ్లు గడపుదురు. శిక్షణమునకు పంపినచో ఠాణాలో పనికి మనిషి లేడన్న సాకు ఎప్పుడును సిద్ధముగ నుండును. 1971లో ఆచార్య గోరేగారి అధ్యక్షతను ప్రత్యేకసంఘము నియమింపబడి శిక్షణమును సమగ్రముగ పరిశీలించెను. దేహదారుఢ్యముతోబాటు జనులయెడ మనోభావమును తీర్చిదిద్దుటయు శిక్షణపు లక్ష్యమని చెప్పెను. ఆ లక్ష్యము నేటికిని పూర్తిగ సిద్ధింపలేదు. ఠాణాలలో హింసలు ఆగనందుననే 1996లో డి.కె. బసు కేసున సుప్రీంకోర్టు నిర్బంధపు నియమములను విధింపవలసివచ్చెను. 2020లో ప్రతి ఠాణాయందును కెమెరాలు పెట్టుడని ఆజ్ఞాపింపవలసివచ్చెను. శిక్షణాలయమున నేర్చినదానిని ఠాణాలో పాతవారు "అదంతయు పుస్తకపుమాట" యని మరపించినచో, ఎంత గొప్ప భవనము కట్టినను ఫలము సున్న.

ఇచ్చటనే గ్రామపెద్దల పాత్ర వచ్చుచున్నది. పూర్వము గ్రామమునసబు, తలారి, తెలంగాణమున పోలీసు పటేలు ఊరి కావలికి కొంత బాధ్యులు. ఆంధ్రప్రదేశమున 1984లో ఆ వంశపారంపర్యపు ఉద్యోగములు రద్దయ్యెను. ఉద్యోగము పోయినను బాధ్యత పోలేదు. అది యిపుడు మీ సంతకములో నున్నది.

మొదటిది. నేరస్థలమును కాపాడుడు. దొంగతనము జరిగిన యింటిలోనికి ఊరంతయు తరలిపోయి చూచినచో, దొంగ అడుగు మన అడుగులక్రింద మాయమగును. పోలీసులు వచ్చువరకు తలుపు దగ్గర ఇద్దరిని నిలుపుడు. విషము త్రాగినవాని ప్రాణము కాపాడుటకు ఆసుపత్రికి పంపుటయే ముందు. కాని వాడు త్రాగిన గ్లాసును, సీసాను కడుగనీయకుడు. సీసా చూచినచో వైద్యునకును విషమేదో తెలియును. ఉరిపడినవానిని దింపవలసివచ్చినచో ముడి విప్పక, ముడికి దూరముగ త్రాటిని కోయుడు. ముడి యేవిధముగ పడినదో చూచియే అది ఆత్మహత్యయో, హత్యయో నిపుణుడు కొంత గ్రహింపగలడు. పట్టుబడిన అనుమానితుని చూచుటకు సాక్షులు గుంపుగ ఠాణాకు పోరాదు. ముందే చూచినచో తరువాత మేజిస్ట్రేటు ఎదుట గుర్తించుటకు విలువ యుండదు.

రెండవది. ఫిర్యాదును ఆలస్యము చేయింపకుడు. "రచ్చబండపై తేల్చుకొందము" అని ఘోరనేరములను దినములతరబడి నాన్చినచో సాక్ష్యము చెడును; ఆలస్యమే ముద్దాయికి వాదమగును. ముఖ్యముగ స్త్రీలపై, బాలలపై జరిగిన అత్యాచారములను రాజీచేయు అధికారము ఏ పెద్దకును లేదు. ప్రథమ సమాచార నివేదిక ఏ ఠాణాలోనైనను ఇయ్యవచ్చును. దాని నకలు ఉచితముగ పొందు హక్కు కలదు. ఠాణాలో నిరాకరించినచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలాలో వ్రాసిపంపవచ్చును. అచటను న్యాయము దొరకనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. చూడనిదానికి సంతకము చేయకుడు. సోదాకు పిలిచినచో వెంట పోయి, వస్తువు ఎచ్చట దొరికినదో కన్నులార చూడుడు. కొత్తచట్టము ప్రకారము సోదాను, జప్తును ఆరంభమునుండి తుదివరకు దృశ్యరూపమున చిత్రీకరింపవలెను, సెల్‌ఫోనైనను చాలును. చిత్రీకరించుచున్నారా యని వినయముగ అడుగుడు. జాబితా చదివించుకొని, తేదీ, గంట సరిచూచి, అప్పుడు సంతకము పెట్టుడు. ఖాళీకాగితముపై సంతకము పెట్టిన పెద్దమనిషి న్యాయస్థానమున "నాకేమియు తెలియదు, పెట్టుమనిరి, పెట్టితిని" అనును. ఆమాటతో నిజమైన దొంగపై కేసు కూలును. లేదా అబద్ధపుకేసు నిలిచి నిర్దోషి చెరసాలకు పోవును. రెండింటిలో నేది జరిగినను ఆ పాపములో సంతకమునకు భాగము కలదు.

నాలుగవది. మీ హక్కులను మీరెరుగుడు. సాక్షిగ విచారించుటకు అరువది యేండ్లు దాటిన పురుషుని, ఏ స్త్రీనైనను, వారుండుచోటికి అధికారియే రావలెను గాని వారిని ఠాణాకు రప్పింపరాదు. మూడేండ్లకు తక్కువ శిక్షగల నేరములలో అరువది దాటినవారిని నిర్బంధించుటకు డిప్యూటీ సూపరింటెండెంటునకు తక్కువగాని అధికారి అనుమతి ముందుగ కావలెను. నిర్బంధించిన యెవ్వరినైనను ప్రయాణకాలము పోను ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలుపవలెను. ఏడేండ్లు, అంతకుమించి శిక్షగల నేరములలో శాస్త్రనిపుణులు నేరస్థలమును చూడవలెనని కొత్తచట్టము విధించి, దానిని ఐదేండ్లలోపల దేశమంతట అమలులోనికి తెచ్చుటకు గడువిచ్చినది. ఈ నియమములన్నియు శిక్షణాలయములలో బోధింపబడుచునే యున్నవి. ఎదుటివా డెరుగునని తెలిసినపుడు, ఉద్యోగియు తాను నేర్చినదానిని జ్ఞాపకము చేసికొనును.

ఇందు విరోధమేమియు లేదు. శిక్షణముపొందిన యువకుడు మీ ఊరికి సబుయినస్పెక్టరుగ వచ్చి, నేరస్థలముచుట్టు త్రాడు కట్టి, గంటలకొలది నేలపై వంగి వెదకుచున్నపుడు, "ఇద్దరిని పట్టి నాలుగు తగిలించినచో తేలిపోవును గదా, ఇంత తతంగ మేల?" యని ఊరివారే తొందరపెట్టుట కలదు. అట్లు తొందరపెట్టువారే రేపు తమ బిడ్డకు నాలుగు తగిలినపుడు ఏడ్చుదురు. అతని ఓర్పును మెచ్చుకొని, అతని పనికి చోటిచ్చినచో, శిక్షణాలయమున గడచిన ఆ నెలలన్నియు సార్థకమగును. కావలివానికి విద్య నేర్పుట ప్రభుత్వపుపని. ఆ విద్యను ఊరిలో బ్రదుకనిచ్చుట మనపని.